గుట్ట దారికి ఏ సైకిల్? ఎంటీబీ ఎంపికలో మన నేల లెక్కలు

సైకిల్ షాపులో గేర్ సైకిళ్ళ వరస ముందు నిలబడి చూడండి. పదిహేను వేలదీ ఎంటీబీయే (మౌంటెన్ బైకే), లక్ష రూపాయలదీ ఎంటీబీయే. రెండిటికీ లావు టైర్లు, ముందు షాక్స్, డిస్క్ బ్రేకులు. చవకదానికి వెనక కూడా పెద్ద స్ప్రింగు ఉంటుంది, ఖరీదైనదానికి ఉండకపోవచ్చు. చవకదాని మీద 21 గేర్లని రాసి ఉంటుంది, ఖరీదైనదానికి 11 మాత్రమే. కొనేవాళ్ళకి అయోమయం కాక ఏమవుతుంది?

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 30,000 రూపాయలున్న సైకిల్ ఈ లెక్కన 28,125కి రావాలి. ఎప్పటినుంచో కొందామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ళు చాలామంది ఇప్పుడు షాపు మెట్లెక్కుతున్నారు. వాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: 'ఏ కంపెనీది మంచిది?' నాకు తెలిసినంతవరకు దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఏ నేల మీద తొక్కుతారు?

మన దగ్గర బైక్ అంటే మోటారు సైకిలే కాబట్టి ఈ వ్యాసంలో మౌంటెన్ బైకుని ఎంటీబీ అనో, సైకిల్ అనో అంటాను.

గ్రీజు కాలిపోయిన కొండ

ఎంటీబీ ఏ కంపెనీ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. 1970లలో శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన, మారిన్ కౌంటీలో కొంతమంది కుర్రాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళు సంపాదించి కొండ మీదినుంచి మట్టిదారిలో దిగడం మొదలుపెట్టారు. 1976 అక్టోబరు 21న అక్కడ మొదటి పోటీ జరిగింది. దారి పొడవు మూడు కిలోమీటర్ల పైచిలుకు, దిగే ఎత్తు దాదాపు 400 మీటర్లు. ఆ సైకిళ్ళకి పెడల్ వెనక్కి తొక్కితే పట్టే బ్రేకు ఉండేది, అది వెనక చక్రం నడిమి హబ్బు లోపల ఉంటుంది. ఒక్కసారి దిగేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగలు వచ్చేవి. మళ్ళీ దిగాలంటే హబ్బు విప్పి కొత్త గ్రీజు కూరాలి. ఇంగ్లీషులో దాన్ని రీప్యాక్ అంటారు. ఆ దారి పేరే రీప్యాక్ అయిపోయింది.

ఆ పొగ ఎక్కడినుంచి వచ్చిందో లెక్క కట్టవచ్చు. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు అనుకుందాం. 400 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 3,33,000 జౌళ్ళు. 20 డిగ్రీల దగ్గరున్న లీటరు నీళ్ళని మరిగే స్థితికి తేవడానికి దాదాపు ఇంతే వేడి కావాలి. గాలీ టైర్ల రాపిడీ అందులో కొంత తినేస్తాయి, మిగతాదంతా ఆ చిన్న హబ్బు మీదే పడుతుంది.

పాత సైకిళ్ళు తట్టుకోలేకపోవడంతో ఆ కుర్రాళ్ళలో ఒకడైన జో బ్రీజ్ 1977లో ఈ పనికోసమే కొత్త ఫ్రేము కట్టాడు. అదే గుంపులోని గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ 1979లో 'మౌంటెన్‌బైక్స్' పేరుతో వ్యాపారం పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ అనే కంపెనీ తన ఎంటీబీ స్టంప్‌జంపర్‌ని పెద్ద సంఖ్యలో తయారు చేసింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి ఎంటీబీ తొక్కడం పతకాల క్రీడ.

ఈ చరిత్ర ఎందుకు చెప్పానంటే, అక్కడ నేల ముందు వచ్చింది, సైకిల్ తర్వాత వచ్చింది. ఆ కొండ ఎక్కడ దెబ్బ కొట్టిందో అక్కడ సైకిల్ మారింది. మన షాపుల్లో కనిపించేది మారిన్ కౌంటీ నేలకీ, తర్వాత యూరప్ అడవులకీ సమాధానంగా పెరిగిన వస్తువు. మన నేల దెబ్బలు వేరు.

బండ, మొరం, నల్లరేగడి, ముల్లు

హైదరాబాద్ చుట్టూ ఉన్నది గ్రానైటు. ఖాజాగూడ గుట్టల్లో కనిపించే ఆ బండల వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఎండిన గ్రానైటు బండ మీద టైరు ఉడుంలా పట్టుకుంటుంది. కొత్తగా తొక్కేవాళ్ళు బండని చూసి భయపడతారు గానీ, భయపడాల్సింది బండ పక్కన ఉన్న మొరాన్ని చూసి. గ్రానైటు ఎండకీ వానకీ శిథిలమై రాలిన గరుకు ఇసుక, చిన్న చిన్న రాళ్ళు గట్టి నేల మీద పలుచగా పరుచుకుని ఉంటాయి. గోళీల మీద అడుగు వేసినట్టే. మలుపులో ముందు చక్రం ఒక్కసారి పక్కకి పోతుంది. గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టుపక్కల బండిబాటలన్నీ ఇంచుమించు ఇంతే.

వికారాబాద్ వైపు అనంతగిరికి వెళ్తే నేల రంగే మారిపోతుంది. మూసీ పుట్టే ఆ గుట్టల మీద ఎర్రటి జేగురు నేల, లాటరైటు. వానాకాలం చెట్ల నీడలో తడి ఆరదు, వేళ్ళు నున్నగా జారతాయి. విశాఖ వైపు తూర్పు కనుమల కొండలు మరో రకం. అక్కడి రాయిని ఖోండలైటు అంటారు, గ్రానైటు కంటే త్వరగా చివికి ఎర్రమట్టి అవుతుంది. దారులు పొట్టిగా, నిటారుగా ఉంటాయి. సముద్ర మట్టం దగ్గర మొదలుపెట్టి కొద్ది దూరంలోనే వందల మీటర్లు ఎక్కాలి. (భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు చూస్తే ఎవరికైనా తొక్కాలనిపిస్తుంది. అది భూవారసత్వ స్థలం. చక్రం గీసిన గాడి మీద వాన పడితే అది కాలువై దిబ్బని కోసేస్తుంది. దయచేసి అక్కడ సైకిల్ దిగండి.)

ఇక నల్లరేగడి. పొడిగా ఉన్నప్పుడు పగుళ్ళతో గతుకు గతుకుగా ఉంటుంది, ఎలాగోలా తొక్కుకోవచ్చు. తడిస్తే మాత్రం ఎంత ధర పెట్టిన సైకిలయినా ఒక్కటే. చక్రానికీ ఫ్రేముకీ మధ్య మట్టి ముద్దలై బిగుసుకుపోతుంది, చక్రం తిరగదు. దానికి సైకిల్లో పరిష్కారం లేదు, వాన వెలిసిన రెండు మూడు రోజులు వేరే దారి చూసుకోవడమే.

అన్నిటికంటే పెద్ద సంగతి ముళ్ళు. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ, రేగు కంప. విదేశీ వీడియోలు చూసి సైకిల్ ఎంచుకునేవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది వీటినే. పల్లేరు కాయ ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. సర్కారు తుమ్మ ముల్లు పొడవు, చెప్పు అడుగు దాటి పాదంలో దిగగలదు. ఇక టైరు ఎంత?

టైరు: తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా

మొదట్లో నేను తొక్కిన సైకిల్ని ఒక చెరువు కట్ట నుంచి మెయిన్ రోడ్డు దాకా నడిపించుకుంటూ వచ్చిన రోజు గుర్తుంది. రెండు చక్రాలూ పంక్చరే. పంక్చర్ షాపతను నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచితే ఎనిమిది చోట్ల బుడగలు వచ్చాయి. 'ప్యాచీలు వేసే కంటే కొత్త ట్యూబే మేలన్నా' అన్నాడు. ఎండాకాలం మధ్యాహ్నం అది. సైకిల్ కొన్న షాపులో ముళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు, నాకూ అడగాలని తోచలేదు.

దీనికి చెప్పే మందు ట్యూబ్‌లెస్. టైరు, రిమ్ము గాలి బయటికి పోకుండా ఒకదానికొకటి అతుక్కుంటాయి, లోపల సీలెంట్ అనే ద్రవం పోస్తారు. ముల్లు దిగిన చోట ఆ ద్రవం బయటికి చిమ్మి, గడ్డకట్టి, రంధ్రాన్ని మూసేస్తుంది. పల్లేరు కాయల్లాంటి సన్నటి ముళ్ళకి ఇది చక్కగా పనిచేస్తుంది. ట్యూబు లేదు కాబట్టి గాలి తక్కువ పెట్టుకోవచ్చు కూడా. ట్యూబు ఉన్నప్పుడు గాలి మరీ తగ్గిస్తే రాయి తగిలిన చోట టైరు నలిగి, రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు పడి పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి.

అయినా ట్యూబ్‌లెస్ వద్దనేవాళ్ళ మాటలో కూడా బలం ఉంది. రిమ్ము దానికి తగినదై ఉండాలి, చాలా చవక సైకిళ్ళ రిమ్ములు కావు. మొదటిసారి టైరు కూర్చోబెట్టడానికి మామూలు చేతి పంపు గాలి సరిపోకపోవచ్చు. మన ఎండలకి సీలెంట్ త్వరగా ఆరిపోతుంది, రెండు మూడు నెలలకోసారి చూసి పోసుకోవాలి. ఊరిబయట ఏదైనా అయితే దారిలో ఉన్న పంక్చర్ షాపతను ఏమీ చేయలేడు. అందుకని మధ్యే మార్గంగా కొందరు ట్యూబులోనే సీలెంట్ పోస్తారు. మోటారు సైకిల్‌కి ఉండే లాంటి లావు వాల్వు అయితే లోపలి పిన్ను విప్పి పోయడం సులువు. ఆ వాల్వుకి ఇంకో లాభం, ఏ షాపులోనైనా గాలి పట్టించుకోవచ్చు. ఖరీదైన సైకిళ్ళకి ఎక్కువగా ఉండే సన్న వాల్వుకి చిన్న అడాప్టరు జేబులో ఉండాల్సిందే.

గాలి లెక్క కూడా చూద్దాం. 70 కిలోల మనిషికి 2.25 అంగుళాల టైరు ఉంటే, ట్యూబుతో సుమారు 28 నుంచి 32 పీఎస్‌ఐ, ట్యూబ్‌లెస్ అయితే 22 నుంచి 25 దాకా మట్టి బాటకి సరిపోతుంది. షాపులో 'ఫుల్లు కొట్టు' అంటే 45, 50 పెడతారు. అలాంటి టైరు గులకరాయి మీద నుంచి పోయినప్పుడు దాన్ని మింగదు, సైకిల్‌నే ఎగరేస్తుంది. చాలామంది సస్పెన్షన్ లోపమనుకునేది నిజానికి ఎక్కువ గాలి.

టైరు మీద బుడిపెలు ఎంత పెద్దవైతే అంత మంచిదన్న నమ్మకం ఒకటుంది. మెత్తని మట్టిలో పెద్ద బుడిపెలు దిగి పట్టుకుంటాయి, నిజమే. గట్టి నేల మీద పలుచటి మొరం ఉన్నచోట అవి దిగడానికి లోతే లేదు. అక్కడ మధ్యలో దగ్గర దగ్గరగా చిన్న బుడిపెలు, అంచుల్లో గట్టి బుడిపెలు ఉన్న టైరు మెరుగు. నున్నటి తారు మీద కూడా అది హాయిగా దొర్లుతుంది.

స్ప్రింగు ఉంటే సస్పెన్షన్ కాదు

షాక్ అబ్సార్బర్‌లో ఆయిల్ కారిపోయిన మోటారు సైకిల్ గతుకుల్లో ఎలా ఎగురుతుందో తొక్కినవాళ్ళకి తెలుసు. స్ప్రింగు దెబ్బని మింగుతుంది, మరుక్షణం అదే జోరుతో వెనక్కి తంతుంది. ఆ తన్నుని నెమ్మది చేసేది డ్యాంపర్. స్ప్రింగు, డ్యాంపర్ రెండూ ఉంటేనే సస్పెన్షన్. చవక సైకిళ్ళలో ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల్లో తరచు స్ప్రింగు మాత్రమే ఉంటుంది, డ్యాంపర్ ఉండదు, ఉన్నా పేరుకే.

ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్నదాన్ని హార్డ్‌టెయిల్ అంటారు. రెండువైపులా ఉంటే ఫుల్ సస్పెన్షన్, షాపు భాషలో డబుల్ షాక్స్. ఫుల్ సస్పెన్షన్ అసలైనది అయితే గొప్ప వస్తువు. రాళ్ళ దిగుడులో వెనక చక్రం నేలని వదలదు, నడుముకీ మోకాళ్ళకీ దెబ్బ తగ్గుతుంది, రెండు మూడు గంటల తర్వాత కూడా ఒంట్లో ఓపిక మిగులుతుంది. దీన్ని ఇష్టపడేవాళ్ళు చెప్పే ఈ కారణాలన్నీ నిజమే. కానీ మన దగ్గర అది రమారమి లక్షన్నర, రెండు లక్షల మెట్టు మీద మొదలవుతుంది. దాని కీళ్ళలో బేరింగులు ఉంటాయి. మొరం దుమ్ము వాటిని అరగదీస్తుంది, మార్చాలంటే మంచి మెకానిక్ కావాలి.

పదిహేను వేల డబుల్ షాక్స్ సైకిల్ ఇది కాదు. దాని వెనక స్ప్రింగుకి డ్యాంపర్ లేదు. పెడల్ మీద మీరు వేసే బలంలో కొంత ప్రతి తొక్కుకీ ఆ స్ప్రింగుని నొక్కడానికే పోతుంది. ఇనప ఫ్రేము, అదనపు కీళ్ళు కలిసి బరువు పెరుగుతుంది. ఆ ధరలో వెనక స్ప్రింగు లేని సైకిల్ ఉంటే అదే మెరుగని నిస్సంకోచంగా చెప్పగలను. స్ప్రింగు మీద పెట్టని డబ్బు ఇంకెక్కడో పెట్టి ఉంటారు.

ఎంత కదలిక కావాలన్నది తర్వాతి ప్రశ్న. దాన్ని ట్రావెల్ అంటారు. ఎక్కువగా ఎక్కుతూ వేగంగా పోయే క్రాస్ కంట్రీ రకానికి 100 నుంచి 120 మిల్లీమీటర్లు, రాళ్ళూ దిగుళ్ళూ కలిసిన ట్రయిల్ రకానికి 120 నుంచి 150, అంతకు మించిన దిగుళ్ళకి ఎండ్యూరో రకంలో 170 దాకా, కేబుల్ కారులో పైకి తీసుకెళ్ళి దిగడమే పనిగా ఉన్న డౌన్‌హిల్ రకానికి 200. మన బండిబాటలు, గుట్ట దారులు చాలావరకు మొదటి రకంతోనే అయిపోతాయి, కొన్ని రెండో రకాన్ని అడుగుతాయి.

ఎయిర్ ఫోర్కు, స్ప్రింగు ఫోర్కు తేడా ఇక్కడే తెలుస్తుంది. సీటు మీద కూర్చుంటే ఫోర్కు తన ట్రావెల్‌లో దాదాపు 20 నుంచి 25 శాతం దిగాలి. 120 మిల్లీమీటర్ల ఫోర్కు అయితే 24 నుంచి 30 మిల్లీమీటర్లు. గాలి ఫోర్కులో మీ బరువుకి తగ్గట్టు చిన్న పంపుతో సర్దుకోవచ్చు. స్ప్రింగు ఫోర్కు ఫ్యాక్టరీలో ఎవరో సగటు మనిషిని ఊహించి పెట్టింది. 50 కిలోల మనిషికి అది కదలదు, 95 కిలోల మనిషికి చతికిలబడుతుంది.

చక్రం: రెండు డిగ్రీల తేడా

26, 27.5, 29 అంగుళాలు. పాత ఎంటీబీలు దాదాపు అన్నీ 26, ఇప్పుడు పోటీ మిగతా రెండింటి మధ్యే. పెద్ద చక్రం రాళ్ళని సులువుగా దాటేస్తుందంటారు. ఎంత సులువుగా? పది సెంటీమీటర్ల రాయి అడ్డం వచ్చిందనుకోండి. టైరుతో కలిపి 26 చక్రం వ్యాసార్ధం సుమారు 34 సెంటీమీటర్లు, 29 చక్రానిది 37. రాయి అంచుని తాకిన చోట చిన్న చక్రం 45 డిగ్రీల వాలు ఎక్కాలి, పెద్దది 43 డిగ్రీలు. తేడా రెండు డిగ్రీలే. వినడానికి ఇది చిన్నదే కానీ దారి పొడవునా వేల రాళ్ళ మీద కూడుతూ పోతుంది. తేలిగ్గా దొర్లిన భావన అక్కడినుంచే వస్తుంది. 27.5, 29 మధ్య ఆ తేడా ఇంకా తక్కువ.

అవతలి వైపు, పెద్ద చక్రం బరువు ఎక్కువ, ఆగి మళ్ళీ కదిలేటప్పుడు బద్ధకిస్తుంది, ఇరుకు మలుపుల్లో తిప్పడానికి ఎక్కువ చోటు అడుగుతుంది. ఎత్తు తక్కువ ఉన్నవాళ్ళకి చిన్న ఫ్రేములో 29 చక్రం ఇరికిస్తే హ్యాండిల్ పైకి వచ్చేస్తుంది, పెడల్ మీద కాలివేలు ముందు టైరుకి తగలవచ్చు. అందుకే చాలా కంపెనీలు తమ చిన్న సైజు ఫ్రేములకి 27.5 పెడుతున్నాయి. నా మట్టుకు నేను, సైజు సరిపోయాక మిగిలిన చర్చకి ఎక్కువ సమయం ఇవ్వను.

21 పెద్దదా, 11 పెద్దదా?

గేర్ల సంఖ్య చూసి మోసపోవడం చాలా సులువు. 21 గేర్లంటే ముందు 3 పళ్ళ చక్రాలు, వెనక 7. సాధారణంగా ముందు 42, 34, 24 పళ్ళు, వెనక 14 నుంచి 28 పళ్ళు. కొండ ఎక్కడానికి వాడే అన్నిటికంటే తేలిక గేరు ముందు 24, వెనక 28. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 0.86 చుట్టు తిరుగుతుంది. 27.5 చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు కాబట్టి చుట్టుకి 1.9 మీటర్లు ముందుకు పోతారు.

11 గేర్ల సైకిల్‌కి ముందు ఒకటే, 32 పళ్ళు. వెనక 11 నుంచి 51 పళ్ళు. తేలిక గేరులో 32ని 51తో భాగిస్తే 0.63. 29 చక్రంతో చుట్టుకి 1.44 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే మొదటిదానితో గంటకి 6.8 కిలోమీటర్ల వేగం అందుకోవాలి, లేకపోతే కాలు ఆగిపోతుంది. రెండోదానితో 5.2 చాలు. నిటారు ఎక్కుడులో సైకిల్ దిగి నెట్టడానికీ, కూర్చునే ఎక్కడానికీ మధ్య గీత ఇదే.

మరి వేగంలో? 42ని 14తో భాగిస్తే 3, చుట్టుకి 6.6 మీటర్లు. 32ని 11తో భాగిస్తే 2.9, చుట్టుకి 6.7 మీటర్లు. ఇంచుమించు సమానం. అంటే 11 గేర్లదే విస్తారం ఎక్కువ. 21లో చాలా గేర్లు ఒకదాని మీద ఒకటి పడి ఒకే పని చేస్తాయి.

అయితే ముందు మూడు పళ్ళ చక్రాలున్న సైకిల్ పనికిరానిదని కాదు. దాని చైను, వెనక పళ్ళు చవక, చిన్న ఊళ్ళో కూడా దొరుకుతాయి. 51 పళ్ళ క్యాసెట్ (వెనక పళ్ళ చక్రాల కట్ట) ఊళ్ళో దొరకదు, దాని ధరతో పిల్లల సైకిల్ వస్తుంది. చవక సైకిళ్ళతో అసలు చిక్కు పళ్ళలో కాదు, ఇరుసులో. 7 గేర్ల ఫ్రీవీల్ (వెనక పళ్ళ చక్రాల కట్ట) హబ్బుకి స్క్రూలా బిగుస్తుంది, కుడివైపు బేరింగు చాలా లోపలికి పోతుంది. ఆధారం లేకుండా బయట మిగిలిన ఇరుసు బరువైన మనిషి గట్టు మీదినుంచి దూకినప్పుడు వంగుతుంది. పళ్ళ చక్రాలు ఎక్కించే భాగం హబ్బులోనే కలిసి ఉంటే దాన్ని ఫ్రీహబ్ అంటారు, అది ఉన్న చక్రంలో బేరింగు దాదాపు చివరి దాకా ఉంటుంది. షాపులో 'ఫ్రీవీలా, ఫ్రీహబ్బా?' అన్న ఒక్క ప్రశ్న ఎన్ని గేర్లన్న ప్రశ్న కంటే ఎక్కువ చెబుతుంది.

బ్రేకులు

డిస్క్ బ్రేకు రెండు రకాలు. తీగతో లాగేది మెకానికల్, ఆయిల్‌తో నొక్కేది హైడ్రాలిక్. తీగ బ్రేకు ఎవరైనా బాగు చేస్తారు. కానీ తీగ గొట్టంలోకి దుమ్ము చేరుతుంది, తీగ సాగుతుంది, పొడుగు దిగుడులో నాలుగు వేళ్ళతో బిగబట్టి చేతులు నొప్పెడతాయి. ఆయిల్ బ్రేకు ఒక్క వేలితో పడుతుంది, ఎంత పట్టాలో అంతే పట్టవచ్చు. మొరం మీద ఆ సున్నితమే కాపాడుతుంది, చక్రం బిగుసుకుపోతే జారడమే. దానిలో గాలి చేరితే మాత్రం ఆయిల్ మార్చడం తెలిసిన చోటికి తీసుకెళ్ళాలి. గుట్ట దిగేవాళ్ళకి ఆయిల్ బ్రేకు ఖర్చు విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

ఒంటికి సరిపోవడం, దూకుడుకి తట్టుకోవడం

ఫ్రేము సైజు తప్పితే పైన చెప్పినవన్నీ వృథా. ఫ్రేము పై కడ్డీకి అటూ ఇటూ కాళ్ళు నేలమీద ఆన్చి నిలబడితే కడ్డీకీ ఒంటికీ మధ్య కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. ఎందుకంటే మట్టి దారిలో ఎక్కడ, ఎలా దిగాల్సి వస్తుందో తెలియదు. 'సీటు పైకి లేపితే సరిపోతుంది సార్' అనే మాటతో పెద్ద సైజో చిన్న సైజో అంటగట్టడం తరచు జరుగుతుంది. సీటు లేపితే కాలి పొడవు సర్దుకుంటుంది, చేతి దూరం సర్దుకోదు.

ఫోర్కు వాలు కూడా చూడాలి. దాన్ని హెడ్ యాంగిల్ అంటారు. 70 డిగ్రీలు ఉంటే హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది, ఎక్కడానికి బాగుంటుంది. 65, 66 ఉంటే ముందు చక్రం దూరంగా ఉండి దిగుడులో నిబ్బరంగా ఉంటుంది. రెండూ మంచివే, దారిని బట్టి.

ఇక సైకిల్‌తో వచ్చే పుస్తకం. ఏఎస్‌టీఎం అనే అమెరికా ప్రమాణం సైకిళ్ళని అయిదు తరగతులు చేసింది. ఒకటి తారు రోడ్డుకి మాత్రమే. రెండు మట్టి రోడ్డుకి కూడా, కానీ 15 సెంటీమీటర్లకు మించి దూకకూడదు. మూడు గతుకుల బాటలకి, 61 సెంటీమీటర్ల దాకా. నాలుగు 122 దాకా. అయిదు అంతకు మించి. చాలా కంపెనీలు ఈ అంకెని పుస్తకంలోనో ఫ్రేము మీదనో వేస్తాయి. ఎంటీబీ అని పెద్ద అక్షరాలతో రాసి, లోపల రెండో తరగతి అని ఉండవచ్చు. 15 సెంటీమీటర్లంటే ఇంటి ముందు మెట్టు ఎత్తు.

ముగ్గురు, మూడు లెక్కలు

ఒకరి ఇల్లు కూకట్‌పల్లి అనుకుందాం. ఆదివారం పొద్దున్నే గండిపేట వైపు బయల్దేరతారు. తారు మీద వెళ్ళడానికి 18, రావడానికి 18, మధ్యలో మట్టి దారి 10 కిలోమీటర్లు. మొత్తం 46లో 36 తారే, అంటే 78 శాతం. ఈయనకి 150 మిల్లీమీటర్ల ఫోర్కు భారం. అల్యూమినియం హార్డ్‌టెయిల్, తారు మీద బిగించుకునే లాకౌట్ ఉన్న 100 మిల్లీమీటర్ల ఫోర్కు, 2.1 అంగుళాల చిన్న బుడిపెల టైర్లు, ట్యూబుల్లో సీలెంట్. ముప్పై నుంచి యాభై వేల మధ్య ఈ లెక్క కుదురుతుంది. షాక్స్ లేని మామూలు ఫోర్కున్న హైబ్రిడ్ (రోడ్డు సైకిల్‌కీ ఎంటీబీకీ మధ్యస్థమైన) సైకిల్‌కి 45 మిల్లీమీటర్ల టైర్లు వేసుకుంటే చాలదా అనేవాళ్ళూ ఉన్నారు. బండిబాట వరకే అయితే చాలు. గుట్ట ఎక్కాలనిపించిన రోజున చాలదు.

రెండో ఆమె విశాఖలో కొండవాలున ఉంటుంది. తారు రెండు కిలోమీటర్లే, ఆ వెంటనే ఎక్కుడు. 200 మీటర్లు ఎక్కి 200 మీటర్లు దిగితే, ముందు కట్టిన లెక్క ప్రకారం అర లీటరు నీళ్ళు మరిగించేంత వేడి. ఇక్కడ డబ్బు ఎక్కడికి పోవాలో కొండే చెబుతోంది. ఆయిల్ బ్రేకులు, 51 పళ్ళ వెనక గేరు, 120 మిల్లీమీటర్ల గాలి ఫోర్కు, మూడో తరగతి ఫ్రేము. అరవై వేల నుంచి లక్ష దాకా అవుతుంది. పూర్తి ఫుల్ సస్పెన్షన్ ఉంటే దిగుడు ఇంకా బాగుంటుంది, కానీ ఎక్కేటప్పుడు మోసే బరువు, ఉప్పుగాలికి తుప్పు పట్టే కీళ్ళు కూడా ఆమె లెక్కలో ఉండాలి.

మూడో మనిషి ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 48 కిలోలు. సైకిల్ని కారు వెనక కట్టుకుని అనంతగిరి దాకా వెళ్తుంది, మట్టి దారిలోనే తొక్కుతుంది. తారు శాతం ఇక్కడ సున్నా. (అడవి లోపలి దారుల్లోకి వెళ్ళాలంటే అటవీ శాఖ అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోవాలి.) షాపువాళ్ళు ఈమెకి 29 చక్రాల మీడియం సైజు చూపిస్తారు, ఎక్కువగా స్టాకులో ఉండేది అదే కాబట్టి. ఈమెకి కావాల్సింది 27.5 చక్రాల ఎక్స్‌ట్రా స్మాల్ లేదా స్మాల్. స్ప్రింగు ఫోర్కు 48 కిలోలకి కదలదు, కాబట్టి గాలి ఫోర్కు అవసరం మిగతా ఇద్దరి కంటే ఈమెకే ఎక్కువ. ఆ సైజు తెప్పించడానికి నెల పట్టినా సరే ఆగి, ఎక్కి, కాళ్ళు ఆన్చి చూసుకున్న తర్వాతే డబ్బు కట్టాలి. టైర్లలో గాలి కూడా తగ్గుతుంది, ట్యూబ్‌లెస్ అయితే 18 నుంచి 20 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి, రిమ్ము రాయికి తగిలిన చప్పుడు వినిపిస్తే ఒక్కొక్కటే పెంచుకుంటూ పోవాలి.